ఎదురింటి అత్తగారు

మా అత్తయ్యకి మోకాలి ఆపరేషన్ అయి మా ఇంట్లో ఉన్న రెండు నెలల్లో మేమిద్దరం కలిసి సాధించిన ఘనకార్యం ఒకటుంది. 58 ఎపిసోడ్ల కొరియన్ సీరియల్ ఒకటి, ఒక్కటి కూడా వదలకుండా చూశాం. ఆవిడకి ఇంగ్లీషు చదవడం రాదు, కొరియన్ నాకూ రాదు. కింద పడే ఇంగ్లీషు అక్షరాలు చదివి నేను తెలుగులో చెప్పాలి, ఆవిడ బొమ్మ చూడాలి. మధ్యాహ్నం అన్నాలయ్యాక రోజుకొకటి. ఫిజియోథెరపీ అబ్బాయి వచ్చే టైము కూడా దాని ప్రకారమే మార్చాం.

ఆ సీరియల్ పేరు ఇంగ్లీషులో "మై హస్బెండ్ గాట్ ఎ ఫ్యామిలీ". 2012 ఫిబ్రవరి నుంచి సెప్టెంబరు దాకా కొరియా టీవీ సంస్థ కేబీఎస్ రెండో చానల్లో శని, ఆదివారాల్లో సాయంత్రం ఎనిమిది ప్రాంతంలో వచ్చింది. ఆ టైము కొరియాలో ఇంటిల్లిపాదీ కూర్చుని చూసే కుటుంబ కథలకి కేటాయించినది. తాత నుంచి మనవరాలి దాకా అందరికీ అందులో ఒక పాత్ర ఉంటుంది. ఈ సీరియల్ రేటింగు 40 శాతం దాటింది.

కథ చెప్తాను, చిన్నదే. చా యున్‌హీ ఒక నిర్మాణ సంస్థలో సీరియళ్ళు తీసే ప్రొడ్యూసరు. పెళ్ళికి ఆవిడ పెట్టుకున్న షరతు ఒకటే: అబ్బాయి సమర్థుడై ఉండాలి, అనాథ అయి ఉండాలి. అత్తమామలు, ఆడపడుచులు, పండగ వంటలు ఏవీ వద్దు. కోరుకున్నట్టే దొరికాడు. చిన్నప్పుడు తప్పిపోయి, అమెరికాలో దత్తత పెరిగిన డాక్టరు, టెర్రీ. పెంచిన తల్లిదండ్రులు సముద్రానికి అవతల ఉన్నారు. ఇంతకంటే ఏం కావాలి? ఇద్దరూ సియోల్‌లో ఒక ఇంట్లో అద్దెకి దిగుతారు. ఎదురు వాటాలో ఉండే సంసారంతో వచ్చిన రోజు నుంచీ చిటపటలే. ఆ ఎదురింటివాళ్ళే టెర్రీని కన్నవాళ్ళని తర్వాత తేలుతుంది. అత్త, మామ, మామగారి తల్లి, ముగ్గురు ఆడపడుచులు. అందరూ ఒకేసారి, పది అడుగుల దూరంలో.

"ఎంత మాట అంది! అనాథ కావాలంటుందా?" అంది అత్తయ్య మొదటి రోజు. నేను టీవీ వైపే చూశాను. ఎందుకంటే మనవాళ్ళ పెళ్ళిచూపుల్లో ఆ మాట ఎవరూ అనరు గానీ, అనేదాని అర్థం అదే. "అబ్బాయి డల్లాస్‌లో ఉంటాడు, పెద్దవాళ్ళు ఇక్కడే" అని మధ్యవర్తి చెప్పగానే అమ్మాయి తల్లి మొహం విచ్చుకోవడం నేను కళ్ళారా చూశాను. మా అమ్మ మొహమే. కొరియాలో ఈ సంగతికి సామెత కూడా ఉంది: మరుగుదొడ్డి, వియ్యాలవారి ఇల్లు ఎంత దూరంగా ఉంటే అంత మంచిది. ఇది అత్తయ్యకి చెప్పినప్పుడు ఆవిడ కట్టిన మోకాలు పట్టుకుని మరీ నవ్వింది.

అసలు కొరియన్ పేరులో ఇంకా అందం ఉంది. "తీగతో సహా దొర్లుకుంటూ వచ్చిన నువ్వు" అని దాని అర్థం. అనుకోకుండా అదృష్టం కలిసొస్తే "గుమ్మడికాయ తీగతో సహా దొర్లుకొచ్చింది" అంటారు వాళ్ళు. ఇక్కడ గుమ్మడికాయ మొగుడు, తీగ అత్తవారు. అది అదృష్టమో కాదో తేల్చుకోడానికి 58 వారాలు కాకపోయినా 58 ఎపిసోడ్లు పట్టింది. మన భాషలో చెప్పాలంటే తీగ లాగితే డొంకంతా కదిలింది.

నా అసలు తగువు ఇంగ్లీషు అక్షరాలతో మొదలైంది. రెండో వారానికే అత్తయ్య నన్ను ఆపడం మొదలుపెట్టింది. నేను "సిస్టర్ ఇన్ లా అంటోంది" అని చెప్తే, "అంటే? ఆడపడుచా, తోడికోడలా, మరదలా, తమ్ముడి పెళ్ళామా?" అనేది. నిజమే కదా. కింద ప్రతిసారీ అదే ముక్క పడుతుంది. పైన మాత్రం వాళ్ళు నాలుగైదు వేరువేరు మాటలు అంటున్నారు. కొన్నాళ్ళకి మాకు ఇద్దరికీ చెవులు అలవాటు పడ్డాయి. "షినుయి" అంటే ఆడపడుచు. "ఓల్కె" అంటే అన్న పెళ్ళాం, తమ్ముడి పెళ్ళాం. "దోంగ్‌సొ" అంటే తోడికోడలు. విచిత్రం, తోడల్లుణ్ణి కూడా అదే మాటతో పిలుస్తారు. "సాదొన్" అంటే వియ్యంకులు. ఇంగ్లీషులో తోడికోడలికి మాట లేదు, వియ్యపురాలికి అసలే లేదు. కొరియన్ నుంచి ఇంగ్లీషులోకి వెళ్ళేటప్పుడు ఊడిపోయిన మాటల్ని మేము తెలుగులో మళ్ళీ తొడిగించుకుంటూ చూశాం. వీళ్ళ సీరియల్‌ని తిన్నగా తెలుగులోకి తెస్తే సగం కష్టం ఉండదు. హిందీ మీదుగానో ఇంగ్లీషు మీదుగానో తెస్తే వియ్యపురాలు కాస్తా "మా అల్లుడిగారి అమ్మగారు" అయి కూర్చుంటుంది.

పిలుపుల్లో ఇంకో మెలిక ఉంది. కొరియన్ కోడలు మొగుడి తమ్ముణ్ణి "దొర్యొన్నిమ్" అని, మొగుడి చెల్లెల్ని "అగాషి" అని పిలవాలి. చినబాబుగారు, చిన్నమ్మగారు అన్నట్టు, పూర్వం పెద్దింటి పిల్లల్ని పనివాళ్ళు పిలిచిన పిలుపులవి. అదే మొగుడు తన బావమరిదిని, మరదల్ని ఏ "గారూ" లేకుండా పిలిస్తే సరిపోతుంది. ఈ తేడా మీద కొరియాలో పెద్ద చర్చే జరిగింది. 2020లో అక్కడి జాతీయ భాషా సంస్థ ఒక చిన్న పుస్తకం వేసి, పేరు పెట్టి మర్యాదగా పిలుచుకున్నా తప్పు లేదని చెప్పింది. ఈ విషయంలో మన "వదినా" ఎంత తెలివైన మాటో అప్పుడు తట్టింది నాకు. మా ఆడపడుచు నన్ను వదినా అంటుంది, నేనూ తనని వదినా అంటాను. ఎవరు పెద్దో ఎవరు చిన్నో ఆ మాట తేల్చదు. వియ్యంకులు బావగారూ అని, వియ్యపురాళ్ళు వదినగారూ అని పిలుచుకుంటారు. పెళ్ళిలో వియ్యాలవారి మీద ఎగతాళి పాటలు కట్టి పాడినా ఎవరూ నొచ్చుకోకూడదు. అలాగని మనింట్లో అంతా సమానమేనా అంటే, "ఆడపడుచు అర్ధమొగుడు" అన్న సామెత కూడా మనదే. పిలుపు ఒక దారి, సామెత ఇంకో దారి.

కొరియన్‌లో అత్తింటికి సంబంధించిన మాటలన్నిటికీ ముందు "షి" చేరుతుంది. అత్తగారికి, మామగారికి, ఆడపడుచుకి, అత్తింటికి. పాలకూరని వాళ్ళు "షిగుమ్చి" అంటారు. పెళ్ళయినవాళ్ళు "షి" ఉందని పాలకూర కూడా తినరు అని ఒక పాత జోకు. ఈ సీరియల్ నడిచిన రోజుల్లోనే "షి వరల్డ్" అన్న మాట బాగా వాడుకలోకి వచ్చింది. అత్తింటి లోకం, దానికి వేరే నియమాలు. కొత్త కోడలు మూడేళ్ళు చెవిటిది, మూడేళ్ళు మూగది, మూడేళ్ళు గుడ్డిది అన్నట్టు ఉండాలని వాళ్ళ పెద్దలు చెప్పేవారట. లెక్కేస్తే తొమ్మిదేళ్ళు. ఇది చెప్తే అత్తయ్య నవ్వలేదు. "మా అత్తగారు అంత లెక్క పెట్టలేదు. అన్నీ ఒకేసారి అంది," అంది.

అన్ని కొరియన్ సీరియళ్ళూ ఇలాంటివి కావు. "మక్‌జాంగ్" అని వాళ్ళకీ ఒక రకం ఉంది. దాచిన పుట్టుకలు, పగలు, చెంపదెబ్బలు. 2014లో ఒక పొద్దుటి సీరియల్లో అత్తగారు అల్లుణ్ణి చేతిలో ఉన్న కిమ్చి అనే క్యాబేజీ పచ్చడితోనే చెంప మీద కొట్టిన సీను ఇప్పటికీ ఫోన్లలో తిరుగుతూ ఉంటుంది. మన సీరియళ్ళలో అత్తగారి మొహం మీదికి కెమెరా మూడుసార్లు దూసుకెళ్ళడం చూసి మనం సిగ్గుపడక్కర్లేదు.

కానీ ఈ కథలో దుర్మార్గురాలైన అత్తగారు లేదు. ఆ పాత్ర వేసింది యున్ యో జంగ్. "మినారి" సినిమాలో అమ్మమ్మ పాత్రకి 2021లో ఆస్కార్ తెచ్చుకున్నావిడే. ఇక్కడ ఆవిడ ముప్పై ఏళ్ళుగా కొడుకుని పోగొట్టుకుని, తన అత్తగారి చేత మాటలు పడుతూ బతికిన మనిషి. పిల్లాడు తప్పిపోయినరోజే ఇంట్లో రెండో ఆడపిల్ల పుట్టింది. ఆ పిల్ల పుట్టినరోజు ఆ ఇంట్లో ఎప్పుడూ చేయలేదు. కామెడీ సీరియల్ మధ్యలో ఈ ఒక్క సంగతీ నాకు గుచ్చుకుంది. ముగ్గురు కూతుళ్ళ పేర్లూ ఇల్‌సుక్, ఇసుక్, మాల్‌సుక్. "ఇల్" ఒకటి, "ఇ" రెండు, "మాల్" అంటే చివర. అబ్బాయికి, అంటే మన టెర్రీకి, పెట్టిన పేరేమో గ్వినామ్, అపురూపమైన మగబిడ్డ అని. ఇంకేం వివరించాలి? తప్పిపోవడం వెనక ఆ అత్తగారి తోడికోడలి పాత్ర ఒకటి ఉంది. చూడనివాళ్ళ కోసం అది చెప్పను. "తోడికోడలే అయ్యుంటుంది" అని అత్తయ్య ఎప్పుడో పసిగట్టేసింది, అది వేరే సంగతి.

ఇప్పుడు నా వాదన. ఈ సీరియల్ గురించి రాసేవాళ్ళంతా మొగుణ్ణి మెచ్చుకుంటారు. ఆ పాత్ర వేసిన యూ జున్ సాంగ్‌కి ఏకంగా "జాతీయ భర్త" అని బిరుదు ఇచ్చారు కొరియాలో. ఎందుకయ్యా అంటే, తల్లికీ పెళ్ళానికీ మధ్య తగువొస్తే బాల్కనీలోకి జారుకోడు. పెళ్ళాం నోరు తెరిచేలోపే తను మాట్లాడతాడు. వంట పని పెళ్ళాం ఒక్కదాని పనెందుకయిందని అమాయకంగా అడుగుతాడు. పొగరుగా అడిగితే గొడవయ్యేది. తెలియక అడుగుతాడు కాబట్టి ఎవరూ జవాబు చెప్పలేకపోతారు. మొగుడంటే ఇలా ఉండాలి అని అందరూ మురిసిపోయారు.

నేనేమంటానంటే, ఇది రచయిత్రి చేసిన మోసం. మోసమే గానీ, సీరియల్ మొత్తంలో అంతకంటే నిజాయితీగా ఇంకేదీ లేదు. పెళ్ళాం పక్షాన నిలబడే కొరియన్ మొగుణ్ణి పుట్టించడానికి పార్క్ జి ఉన్ ఏం చేయాల్సి వచ్చిందో చూడండి. వాణ్ణి పసితనంలోనే ఇంటి నుంచి మాయం చేయాలి. సముద్రం దాటించాలి. ముప్పై ఏళ్ళు వేరే దేశంలో పెంచాలి. ఆ ఎదురు వాటాలోనే, ఆ నాయనమ్మ ఒళ్ళోనే, ముగ్గురు అక్కచెల్లెళ్ళ మధ్య ఒక్కగానొక్క మగపిల్లాడిగా పెరిగి ఉంటే గ్వినామ్ ఎలా తయారయ్యేవాడో మనకి తెలుసు. నాకైతే బాగా తెలుసు, నేను అలాంటివాణ్ణే చేసుకున్నాను. చెడ్డవాడేం కాదు. తల్లి నన్ను ఏదన్నా అంటే టీవీ సౌండు పెంచుతాడు, అంతే.

ఇక్కడ చెడ్డ అత్తగారు అక్కర్లేదు, చెడ్డ కోడలూ అక్కర్లేదు. ఇద్దరు మంచివాళ్ళ మధ్య లేవాల్సిన సమయంలో లేవని ఒక మంచి కొడుకు చాలు. మన సీరియళ్ళ వాళ్ళు అత్తని రాక్షసిని చేసి ఇన్నేళ్ళుగా ఆ కొడుకుని కాపాడుతూ వచ్చారు. "అత్తలేని కోడలుత్తమురాలు, కోడల్లేని అత్త గుణవంతురాలు" అన్న మాటలో కూడా చూడండి, ఆ మగమనిషి ఊసే లేదు. ఇద్దరి మధ్యా ఉన్నది వాడే అయినా!

ఇలాంటి కొడుకు ఇంట్లో తయారవడం వెనక చట్టం కూడా ఉండేది కొరియాలో. "హొజు" పద్ధతి అని, ఇంటికి మగవాడు యజమాని, పెళ్ళయిన ఆడపిల్ల పేరు పుట్టింటి పుస్తకంలోంచి తీసి అత్తింటి పుస్తకంలో ఎక్కించేవారు. 2005లో వాళ్ళ రాజ్యాంగ న్యాయస్థానం అది తగదంది. 2008 జనవరి 1 నుంచి రద్దయింది. సీరియల్ వచ్చేనాటికి నాలుగేళ్ళే అయింది. పెళ్ళయిన కూతురు బయటిమనిషి అని వాళ్ళకో నానుడి. ఆడపిల్ల అంటే "ఈడ" పిల్ల కాదు, "ఆడ" పిల్ల అని మనం శ్లేష వేసుకుంటాం కదా, అదే. వాళ్ళలో ఆడవాళ్ళకి పెళ్ళయినా ఇంటిపేరు మారదు. కానీ ఇంటిపేరు మారనంత మాత్రాన వంటిల్లు మారకుండా ఉండదని వాళ్ళ పంటల పండగ చుసొక్ చూస్తే తెలుస్తుంది. కోడళ్ళు పొయ్యి ముందు కూర్చుని పెద్దల పూజకి అట్లు వేస్తూనే ఉంటారు. పండగయ్యాక వచ్చే ఒంటినొప్పులకీ చిరాకుకీ "పండగ జబ్బు" అని పేరే పెట్టుకున్నారు. అల్లుడేమో "నూరేళ్ళ చుట్టం". అతనొస్తే గుడ్లు పెట్టే కోడిపెట్టనైనా కోసి పెడతారు అత్తగారు. సంక్రాంతికి కొత్తల్లుడి ముందు వందల రకాలు పరిచి ఫొటో తీసే గోదావరి జిల్లాల వాళ్ళకి ఇది వివరించి చెప్పాలా?

పార్క్ జి ఉన్ ఈ సంగతి మర్చిపోలేదు. ఆవిడే రాసిన "క్వీన్ ఆఫ్ టియర్స్" 2024లో వచ్చింది. అది వచ్చిన టీవీఎన్ చానల్లో అప్పటిదాకా ఏ సీరియల్‌కీ రానంత రేటింగు వచ్చింది దానికి. అందులో ఒక పెద్ద వ్యాపార కుటుంబం, పెద్దల తద్దినం. వంటింట్లో నిలబడి అట్లు వేస్తున్నది పెద్ద పెద్ద చదువులు చదివిన అల్లుళ్ళు. మన మాటల్లో ఇల్లరికపుటల్లుళ్ళు. తమవి కాని పెద్దలకి, తమది కాని ఇంటిపేరుకి వండుతూ నడుం పట్టుకుంటున్నారు. చూసినవాళ్ళు పగలబడి నవ్వారు, నేనూ నవ్వాను. ఒక్క డైలాగు మార్చక్కర్లేకుండా అక్కడ కోడళ్ళని నిలబెట్టండి. అది సీను కూడా కాదు, మామూలు మధ్యాహ్నం. ఆడది చేస్తే ఎవరి కంటికీ ఆనని పనిని మగవాడి చేత చేయిస్తే కామెడీ అవుతుందని ఆవిడకి తెలుసు. 2012లో మగవాణ్ణి అమెరికా పంపి పని జరిపించింది, 2024లో ఇల్లరికం పంపి జరిపించింది. ఎటు చూసినా వాడు పుట్టిన ఇంట్లోనే కూర్చుని మారిన దాఖలా మాత్రం లేదు.

దీనికి ఎదురు చెప్పేవాళ్ళుంటారు, మా ఆడపడుచు చెప్పింది కూడా. "సరదాగా చూసేదానికి ఇంత శవపరీక్షేంటి వదినా, ఆ చివరి ఆడపడుచుకి పడిన శాస్తి చూసి నవ్వుకోక?" అంది. అదీ నిజమే. మాల్‌సుక్ గారాబంగా పెరిగిన పిల్ల. వదినని పురుగులా చూస్తుంది. తను ప్రేమించిన అబ్బాయి ఆ వదినకి సొంత తమ్ముడని తెలియదు. తెలిసేసరికి ఆలస్యమైపోయింది. ఇప్పటిదాకా తను షినుయి, వదిన ఓల్కె. పెళ్ళయితే తనే ఓల్కె, వదినే షినుయి. అర్ధమొగుడి హోదా చేతులు మారిపోయింది! కొరియాలో ఇలా ఇచ్చిపుచ్చుకోవడాన్ని "గ్యొప్‌సాదొన్" అంటారు, జంట వియ్యం. చట్టం ఒప్పుకున్నా ఇళ్ళలో ఇబ్బందిపడతారు. ఎవరు ఎవర్ని ఏమని పిలవాలన్నదే పెద్ద తలనొప్పి. సీరియళ్ళలో దీన్ని ప్రేమకి అడ్డంకిగా ఎన్నిసార్లు వాడారో లెక్కలేదు.

ఈ అడ్డంకి అర్థం కావడానికి అత్తయ్యకి ఒక పూట పట్టింది. "అందులో తప్పేముందే? కుండమార్పిడి సంబంధం. మా పెద్దాడపడుచుని మా అన్నయ్యకే ఇచ్చారుగా!" అంది. ఇక్కడ రెండు దేశాలకీ చుక్కెదురు. మేనత్త కొడుకుని చేసుకోవడం మనకి వరస, వాళ్ళకి ఊహకందని పాపం. వాళ్ళ లెక్కలో ఎనిమిదో మెట్టు దాకా రక్తసంబంధం ఉంటే చట్టమే ఒప్పుకోదు. వదిన తమ్ముణ్ణి చేసుకుంటే మనం బంధుత్వం గట్టిపడిందంటాం, వాళ్ళు పిలుపులు చిక్కుపడ్డాయంటారు. ఆ ఒక్క చోటే నా అనువాదం పనిచేయలేదు. మాటకి మాట దొరికింది, ఆ ఏడుపులకి కారణం దొరకలేదు. "ఊరికే ఏడుస్తున్నారు పిచ్చివాళ్ళు" అని తేల్చేసింది అత్తయ్య.

ఆ రెండు నెలల్లో మా మధ్య ఏదో అద్భుతం జరిగిపోయిందని అనుకోకండి. కొబ్బరి చట్నీలో వెల్లుల్లి గురించి తగువు అలాగే ఉంది. ఒకటి మాత్రం చెప్పాలి. ఒకరోజు సీరియల్ మధ్యలో మా ఆయన వచ్చి సోఫాలో కూలబడి "కాఫీ" అన్నాడు. నేను లేవబోయాను. అత్తయ్య టీవీ మీంచి చూపు తిప్పకుండా, "డికాక్షన్ వేసే ఉంది, పాలు ఫ్రిజ్‌లో ఉన్నాయి. మాకూ తెచ్చిపెట్టు" అంది. వాడు తెచ్చాడు. పంచదార ఎక్కువైంది. ఇద్దరం తాగేశాం.

ఆఖరి ఎపిసోడ్ అయిన వారానికి డాక్టరు నడవచ్చన్నాడు. అపార్ట్‌మెంట్ వరండాలో వాకర్ పట్టుకుని నడిపిస్తున్నాను. మా ఎదురు ఫ్లాట్ తలుపుకి టులెట్ బోర్డు వేలాడుతోంది. పాతవాళ్ళు ఖాళీ చేసి నాలుగు రోజులైంది. అత్తయ్య అక్కడ ఆగింది. కళ్ళజోడు సవరించుకుని బోర్డు చూసింది, తలుపు చూసింది, తర్వాత మా తలుపు చూసింది. నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు.

"ఎంతట అద్దె?" అంది.

"ఇరవై రెండట అత్తయ్యా. మెయింటెనెన్సు వేరే."

కాసేపు ఏమీ మాట్లాడలేదు. వాకర్ తిప్పుకుని లిఫ్టు వైపు నడిచింది.

"పై అంతస్తులో ఏదైనా ఖాళీ ఉందేమో వాచ్‌మన్‌ని కనుక్కో. ఎదురుగా మాత్రం నా వల్ల కాదమ్మా."